మత్తు ఉండదన్న మాట ఎంతవరకు నిజం?

పాయకరావుపేటలో పెరిగిన పిల్లలకు గంజాయి అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల్లోంచి దిగిన సరుకు నర్సీపట్నం మీదుగా జాతీయ రహదారి ఎక్కాలన్నా, తుని స్టేషన్లో మద్రాసు వైపు రైలెక్కాలన్నా మన గుమ్మం ముందు నుంచే పోవాలి. వేంపాడు టోల్‌గేట్ దగ్గర ఆపిన కారు, డిక్కీలో ప్లాస్టిక్ టేపు చుట్టిన ప్యాకెట్లు, ముఖానికి గుడ్డ కట్టి వరసగా నిలబెట్టిన కుర్రాళ్లు. ఈ ఫొటోను జిల్లా పేజీలో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ కుర్రాళ్ల వయసు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఈమధ్య వాళ్ల చెవిలో ఒక కొత్త మాట పడుతోంది. "ఇది గంజాయి కాదురా, సీబీడీ. మత్తు ఉండదు. ఫారిన్లో మందుల షాపుల్లోనే అమ్ముతారు." అమ్మేవాడూ ఈ మాటే అంటాడు, ఫోన్లో చూసినవాడూ ఇదే అంటాడు. ఆఖరికి, మూర్ఛలతో బాధపడే పిల్లాడిని ఒళ్లో పెట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న తల్లికి కూడా ఎవరో ఇదే మాట చెబుతారు. ఈ మాటలో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎక్కడిదాకా ఉందో, ఎక్కడ ఆగిపోతుందో తెలియకపోతే ఒకడు జైలుకు పోతాడు, ఇంకొకడి బుర్ర చెడుతుంది, మరొక పిల్లాడికి అందాల్సిన వైద్యం అందకుండా పోతుంది. అందుకే దీన్ని కొంచెం నిదానంగా విడదీసి చూద్దాం.

గంజాయి మొక్క తనకోసం తాను తయారుచేసుకునే ప్రత్యేకమైన రసాయనాలు వందకు పైనే ఉన్నాయి. వాటిలో మనకు పని ఉన్నవి రెండు. ఒకటి టీహెచ్‌సీ, పూర్తి పేరు టెట్రాహైడ్రోకన్నాబినాల్. రెండోది సీబీడీ, అంటే కన్నాబిడయాల్. ఈ రెండింటిలోనూ 21 కార్బన్, 30 హైడ్రోజన్, 2 ఆక్సిజన్ పరమాణువులే ఉంటాయి. బరువు కూడా ఒకటే. తేడా అంతా అమరికలో. టీహెచ్‌సీలో మూసుకుని ఉన్న ఒక వలయం సీబీడీలో తెరుచుకుని ఉంటుంది. అంతే. సీబీడీని 1940లో అమెరికా శాస్త్రవేత్త రోజర్ ఆడమ్స్ బృందం మొక్క నుంచి విడదీసింది. దాని నిర్మాణాన్ని 1963లో, టీహెచ్‌సీని 1964లో ఇజ్రాయెల్‌కు చెందిన రఫాయెల్ మెషూలమ్ బృందం తేల్చింది. ఆయన పరిశోధనకు సరుకు ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? పోలీసులు పట్టుకున్న 5 కిలోల హషీష్‌ను అడిగి తెచ్చుకున్నారు.

ఆ ఒక్క వలయం మన తలలో చేసే తేడా మాత్రం చాలా పెద్దది. మెదడులో సీబీ1 అనే గ్రాహకాలు ఉంటాయి. 1988లో వాటిని గుర్తించారు. కొత్త విషయాన్ని గుర్తుపెట్టుకునే భాగంలో, ఒంటిని తూలకుండా నిలబెట్టే భాగంలో, ఆనందాన్నీ భయాన్నీ తూచే భాగాల్లో ఇవి దండిగా ఉంటాయి. టీహెచ్‌సీ వెళ్లి వీటికి అతుక్కుని పనిచేయిస్తుంది. దాంతో నవ్వు వస్తుంది, ఐదు నిమిషాలు అరగంటలా సాగుతుంది, గుండె దడదడలాడుతుంది, ఇప్పుడే విన్న మాట మరుపుకొస్తుంది. కొందరికి ఉన్నట్టుండి ఎవరో వెంటపడుతున్నట్టు భయం పుడుతుంది. సీబీడీకి ఈ గ్రాహకాల మీద అంత పట్టు లేదు. అది వాటిని ఆ విధంగా నడిపించదు, ఇంకా చెప్పాలంటే టీహెచ్‌సీ పనికి కొంత అడ్డే పడుతుంది. దాని పని వేరే దారుల్లో జరుగుతుంది. కల్తీ లేని సీబీడీకి మనుషుల్లో వ్యసనం కలిగించే లక్షణం కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2018 నివేదికలో రాసింది.

కాబట్టి "సీబీడీకి మత్తు ఉండదు" అన్నది అక్షరాలా నిజం. కల్తీ లేని సీబీడీ అయితే.

ఇక్కడే ఇంకో మాట తేల్చాలి. "గంజాయితో ఎవడూ చచ్చిపోలేదు" అని కుర్రాళ్లు వాదిస్తుంటారు. ఊపిరిని నడిపించే మెదడు భాగంలో సీబీ1 గ్రాహకాలు చాలా తక్కువ. హెరాయిన్ ఎక్కువైతే ఊపిరి ఆగినట్టు టీహెచ్‌సీ ఎక్కువైతే ఆగకపోవడానికి కారణం అదే. దాన్ని పట్టుకుని ప్రమాదమే లేదనడం తప్పు. తూకం తప్పిన ఒంటితో, సాగిపోయిన కాలంతో పదహారో నంబరు హైవే మీద రాత్రిపూట బండి నడిపేవాడికి లారీ ఎంత దూరంలో ఉందో తెలియదు.

మన కొండల పంట

సీబీడీ ఎక్కువగా, టీహెచ్‌సీ అతి తక్కువగా ఉండే మొక్కలు ఉన్నాయి. వాటినే హెంప్ అంటారు. నారకూ విత్తనానికీ పెంచుతారు. ఉత్తరాఖండ్ 2018లో టీహెచ్‌సీ 0.3 శాతం మించని రకాల సాగుకు లైసెన్సు ఇచ్చింది. చట్టంలో దానికి దారి ఉంది. అది లైసెన్సుతో, ప్రభుత్వం కళ్లముందు పండే పంట.

మన ఏజెన్సీలోనూ ఒడిశా సరిహద్దులోనూ దొంగచాటుగా పండేది దానికి పూర్తిగా విరుద్ధం. శీలావతి అన్న పేరు మీరూ వినే ఉంటారు. ఆ రకానికి చెన్నై నుంచి ముంబై దాకా గిరాకీ ఎందుకు? నారకోసం కాదు, మూర్ఛల మందుకోసం అంతకన్నా కాదు. మత్తుకోసం. ఎక్కువ మత్తిచ్చే మొక్క విత్తనమే మళ్లీ మళ్లీ ఏరి చల్లుతూ పోతే పంట ఆ వైపే పెరుగుతుంది. ఇది ప్రపంచమంతా జరిగింది. అమెరికాలో పట్టుబడిన గంజాయిలో 1995లో సగటున 4 శాతం ఉన్న టీహెచ్‌సీ 2014 నాటికి 12 శాతానికి చేరింది. అదే కాలంలో అందులోని సీబీడీ తగ్గిపోయింది. "మా తాతలు కూడా తాగేవారు, ఏమైంది?" అనేవారికి నా జవాబు ఇదే. తాతలు తాగింది ఈ సరుకు కాదు.

2021 అక్టోబరు ఆఖరులో మొదలైన ఆపరేషన్ పరివర్తనలో విశాఖ ఏజెన్సీలో 7 వేల ఎకరాలకు పైగా గంజాయి తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో 2 లక్షల కిలోలకు పైగా పట్టుబడ్డ సరుకును కుప్పలు పోసి తగలబెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే అనకాపల్లి జిల్లా ఏర్పడింది. తర్వాత 2024 జూన్‌లో మన పాయకరావుపేట ఎమ్మెల్యే వంగలపూడి అనిత గారే రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరులో మత్తుపదార్థాల మీద ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. ఇంత జరిగినా సరుకు కదలడం ఆగలేదంటే, కొండమీద మొక్క నాటే గిరిజన రైతు చేతికి దక్కే డబ్బుకూ మహానగరంలో ప్యాకెట్ అమ్మేవాడికి దక్కే డబ్బుకూ మధ్య ఉన్న తేడా అంత పెద్దది. ఆ మధ్యదారిలో కూలికి దొరికేది మన పిల్లలు.

నూనె అనగానే నమ్మకండి

సీబీడీని ఎక్కువగా నూనె రూపంలోనే అమ్ముతారు. మన ప్రాంతంలో నూనె రూపంలో ఇంకొకటి కూడా తిరుగుతోంది. హ్యాష్ ఆయిల్. దీన్నే లిక్విడ్ గంజాయి అంటున్నారు. గంజాయి పూతలోని జిగురునంతా ద్రావకాలతో లాగి, మరిగించి చిక్కబరిచిన పదార్థం ఇది. అందులో టీహెచ్‌సీ సగానికి పైగా కూడా ఉండొచ్చు. మూట మోయక్కర్లేదు, వాసన తక్కువ, సీసా జేబులో పడుతుంది. రవాణా చేసేవాళ్లు దీనివైపు మొగ్గడానికి కారణం అదే.

పేటలో మెడికల్ షాపు ఉన్న మేనమామ దగ్గరికి మేనల్లుడు ఒక చిన్న సీసా పట్టుకొచ్చాడనుకోండి.

"మావయ్యా, ఇది సీబీడీ ఆయిలంట. రాత్రిళ్లు నిద్ర బాగా పడుతుందంట. నాన్నకి ఇద్దామనుకుంటున్నాను."

"ఎవరిచ్చార్రా?"

"తెలిసినోడే. లైను మీద తిరుగుతుంటాడు."

"ఏదీ, ఇలా ఇవ్వు. పేరేది దీని మీద? కంపెనీ ఏది, లైసెన్సు నంబరేది?"

"ఏం లేవు మావయ్యా, మామూలు సీసాలో పోసిచ్చాడు."

"మరి దీంట్లో ఉన్నది సీబీడీయేనని నీకెలా తెలుసు?"

"వాడు చెప్పాడు కదా."

మావయ్య మూత తీసి చూస్తాడు. నల్లగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో, జీడిలా వేలికి అంటుకుంటుంది. ఘాటైన వాసన. లేబుల్ మీద కొలతతో అమ్మే సీబీడీ నూనె సాధారణంగా కొబ్బరి నూనెలోనో ఆలివ్ నూనెలోనో హెంప్ విత్తన నూనెలోనో పలచగా కలిపి ఉంటుంది, డ్రాపర్‌లోంచి చుక్కలుగా పడుతుంది. అయితే రంగూ చిక్కదనమూ చూసి తేల్చేసుకోవద్దు. పలచటి నూనెలోనూ టీహెచ్‌సీ కలపొచ్చు, చిక్కటి నూనెలోనూ సీబీడీ ఉండొచ్చు. ల్యాబ్ తప్ప కన్నూ ముక్కూ ఈ రెండింటినీ వేరు చేయలేవు. మావయ్య అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. నీకెలా తెలుసు?

ఆ సీసాలో ఉన్నది హ్యాష్ ఆయిలే అయితే మేనల్లుడి పరిస్థితి ఏమిటి? 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం హ్యాష్ ఆయిల్‌ను గంజాయిగా చూడదు, చరస్ కింద లెక్కేస్తుంది. గంజాయికి చిన్న పరిమాణం 1 కిలో, వాణిజ్య పరిమాణం 20 కిలోలు. చరస్‌కు చిన్న పరిమాణం 100 గ్రాములు, వాణిజ్య పరిమాణం 1 కిలో మాత్రమే. వాణిజ్య పరిమాణమంటే కనీసం 10 ఏళ్లు, 20 ఏళ్ల దాకా జైలు, లక్ష నుంచి 2 లక్షల జరిమానా. బెయిలు దొరకడం కూడా మామూలు కేసుల్లాంటిది కాదు. నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకు తోచాలి. పైగా 2020 ఏప్రిల్‌లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం కల్తీలో మత్తుపదార్థం వాటాను మాత్రమే కాదు, కలిపిన మొత్తం బరువును లెక్కలోకి తీసుకుంటారు. "కొబ్బరి నూనెలో కొంచెమే కలిపాం" అన్న వాదన అక్కడ నిలవదు.

"నాకు తెలియదండీ, సీబీడీ అనుకున్నాను" అంటే? దగ్గర దొరికినవాడికి తెలిసే ఉంటుందన్న ఊహతోనే ఈ చట్టం మొదలవుతుంది. తెలియదని సందేహానికి తావులేకుండా నిరూపించుకోవాల్సింది మనమే. సీబీడీ అన్న పదమే ఈ చట్టంలో విడిగా లేదు. మొక్కలో ఏ భాగం అన్నదే అది చూస్తుంది. పూత, కాయ ఉన్న కొసలు గంజాయి. జిగురు చరస్. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, విత్తనం ఆ నిర్వచనంలోకి రావు. ఆకు మీద రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు వేరే ఉన్నాయి.

వెనక బండిలో సరుకు వస్తుంటే ముందు బైకు మీద పోతూ పోలీసులున్నారో లేదో ఫోన్లో చెప్పేవాడిని పైలట్ అంటున్నారు. సరుకు తాకలేదు కాబట్టి తనకేమీ కాదని ఆ కుర్రాడు నమ్ముతాడు. కుట్రలో భాగమైనవాడికి ఈ చట్టం అసలు నేరానికి పడే శిక్షే వేస్తుంది. బండి అద్దెకిచ్చేవాళ్లకు ఒక మాట: లోపల ఏముందో తెలియదని, తగిన జాగ్రత్త తీసుకున్నానని చూపించలేకపోతే బండి కూడా పోతుంది. ఎవరు, ఎక్కడికి, ఏ పనిమీద తీసుకెళ్తున్నారో రాయించుకోండి. గుర్తింపు కార్డు నకలు ఉంచుకోండి.

మందుగా సీబీడీ ఎక్కడ నిలబడింది

ఇప్పుడు ఆ తల్లి సంగతి. ఆమె ఆశ పూర్తిగా తప్పు కాదు కాబట్టే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మామూలు మందులకు లొంగని కొన్ని రకాల మూర్ఛలు పసిపిల్లల్లో వస్తాయి. డ్రావే సిండ్రోమ్ అలాంటిది. 2017లో వెలువడిన ఒక పరిశోధనలో ఆ జబ్బున్న 120 మందిని రెండు జట్లుగా విడదీశారు. సీబీడీ ఇచ్చిన జట్టులో నెలకు 12.4గా ఉన్న మూర్ఛల మధ్యస్థ సంఖ్య 5.9కి దిగింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన జట్టులో 14.9 నుంచి 14.1కి మాత్రమే వచ్చింది. దీనిలాంటి ఫలితాల మీదే ఎపిడియోలెక్స్ అనే మందుకు 2018 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. డ్రావేకు, లెనాక్స్ గ్యాస్టో సిండ్రోమ్‌కు అప్పుడే ఇచ్చారు. ట్యూబరస్ స్క్లెరోసిస్ వల్ల వచ్చే మూర్ఛలకు 2020లో కలిపారు. ఇది మొక్క నుంచే తీసిన శుద్ధమైన సీబీడీ, మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు.

మోతాదు చూడండి. మొదట రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. వారం తర్వాత 10కి పెంచుతారు, అవసరమైతే ఇంకా పైకి. మన పిల్లాడు 20 కిలోలు ఉన్నాడంటే రోజుకు 200 మిల్లీగ్రాములు. ఇప్పుడు ఇంటర్నెట్లో అమ్మే సీసా తీసుకోండి. 30 మిల్లీలీటర్లు, 1000 మిల్లీగ్రాముల సీబీడీ అని రాసి ఉందనుకుందాం. ఆ మోతాదులో వాడితే సీసా ఐదు రోజులకు ఖాళీ. దాని మీద రాసినట్టు రోజుకు ఐదు చుక్కలే వేస్తే, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన పిల్లాడికి అందేది సుమారు 8 మిల్లీగ్రాములు. పరిశోధనలో పనిచేసిన మోతాదుకు అది ఎక్కడా సరితూగదు. అందరూ మెచ్చుకున్న మందే, తన పిల్లాడికెందుకు పనిచేయలేదని ఆ తల్లి తనను తానే తిట్టుకుంటుంది. తప్పు ఆమెది కాదు, లెక్కది.

అలాగని ఎక్కువ చుక్కలు వేసేయడం ఇంకా ప్రమాదం. మూర్ఛలకు మన డాక్టర్లు తరచుగా రాసే క్లోబజామ్‌తో సీబీడీ కలిస్తే క్లోబజామ్ నుంచి శరీరంలో తయారయ్యే చురుకైన పదార్థం మూడింతలయ్యే అవకాశం ఉంది. పిల్లాడు లేవకుండా పడుకునే ఉంటాడు. వాల్ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం మీద భారం పడుతుంది. అందుకే ఎపిడియోలెక్స్ మొదలుపెట్టేముందు, వాడుతున్నప్పుడు కాలేయ పరీక్షలు చేస్తారు. గుండెజబ్బుకు వార్ఫరిన్ వాడే పెద్దవాళ్లకు రక్తం మరీ పలచబడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి అమ్మా, మీ పిల్లాడి విషయం విశాఖలోనో కాకినాడలోనో పిల్లల న్యూరాలజిస్టుతో మాట్లాడండి. సిగ్గుపడకండి, గంజాయి అన్న పేరు చూసి భయపడకండి. "సీబీడీ మా వాడి రకం మూర్ఛకు పనికొస్తుందా?" అని సూటిగా అడగండి. వాడుతున్న మందులన్నీ సంచితో సహా పట్టుకెళ్లండి. ఉన్న మందు మాత్రం ఒక్క పూట కూడా మీ అంతట మీరు ఆపవద్దు. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మిగతా జబ్బుల సంగతి క్లుప్తంగా చెబుతాను. వందల మిల్లీగ్రాములు ఒక్కసారి ఇచ్చి చూసిన చిన్న పరిశోధనల్లో ఆందోళన మీద కొంత ఆశ కనబడింది. నొప్పులకూ నిద్రకూ ఆధారాలు బలంగా లేవు. క్యాన్సర్‌నో షుగర్‌నో నయం చేస్తుందని ఎవరైనా చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మన దేశంలో చట్టబద్ధంగా అమ్మే ఈ తరహా నూనెలు చాలావరకు ఆయుర్వేద లైసెన్సు కింద, "విజయ" సారం అన్న పేరుతో వస్తాయి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో ఇది వైద్యుల పర్యవేక్షణలోనే వాడాల్సిన పదార్థాల జాబితాలో ఉంది. లేబుల్ మీద ఆ హెచ్చరిక లేకపోతే సీసా అక్కడే పెట్టేయండి. "విజయ సారం 1000 మిల్లీగ్రాములు" అంటే అంత సీబీడీ ఉన్నట్టు కాదు. సారమంతా కలిపి అంత. అందులో సీబీడీ ఎంత, టీహెచ్‌సీ ఎంత అన్నది విడివిడిగా, మిల్లీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని ఉండాలి. "ఫుల్ స్పెక్ట్రమ్" అని ఉంటే టీహెచ్‌సీ కూడా ఉందనే అర్థం. "ఐసొలేట్" అంటే సీబీడీ ఒక్కటే తీసిందని వాళ్లు చెబుతున్నట్టు. ఇక హెంప్ విత్తన నూనె వేరే వస్తువు. 2021 నవంబరులో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని ఆహారంగా గుర్తించింది. నువ్వుల నూనె, అవిసె నూనెల వరసలో దాన్ని వంటింట్లో పెట్టుకోవచ్చు గానీ అందులో సీబీడీ నామమాత్రమే. మందు ధర పెట్టి దాన్ని కొనకండి.

లేబుల్ మీద అన్నీ ఉన్నా బ్యాచ్ నంబరుతో సరిపోలే ల్యాబ్ నివేదిక అడగాలి. ఎందుకంటే 2017లో అమెరికాలో ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ ఉత్పత్తులను పరీక్షిస్తే 26 మాత్రమే లేబుల్‌కు తగ్గట్టు ఉన్నాయి. 18 వాటిలో టీహెచ్‌సీ బయటపడింది. నియంత్రణ, ల్యాబులు ఉన్న దేశంలో పరిస్థితి అది.

ఉద్యోగాల కోసం గల్ఫ్‌కూ, నౌకల మీదికీ వెళ్లే మన కుర్రాళ్లకు ఇది మరీ ముఖ్యం. మూత్ర పరీక్ష సీబీడీని వెతకదు. టీహెచ్‌సీ శరీరంలో మారి మిగిల్చిన పదార్థాన్ని వెతుకుతుంది. అది కొవ్వులో నిల్వ ఉంటుంది, అలవాటున్నవాడిలో వారాల తర్వాత కూడా దొరుకుతుంది. సీబీడీ అనుకుని వాడిన నూనెలో టీహెచ్‌సీ ఉంటే పరీక్షకు ఆ సంగతి తెలియదు. ఇక గల్ఫ్ విమానాశ్రయంలో బ్యాగులో ఆ సీసా దొరికితే వాళ్లు సీబీడీకీ టీహెచ్‌సీకీ తేడా వింటారనుకోవద్దు. తెలిసినవాళ్లు ఇమ్మన్నారని ఊరగాయ డబ్బాతో పాటు చేతిలో పెట్టే ఏ సీసానూ తీసుకెళ్లకండి.

ఇప్పటికే అలవాటు పడితే

టీహెచ్‌సీ లేత మెదడు మీద ఎక్కువ దెబ్బ కొడుతుంది. మెదడు ఎదుగుదల ఇరవై ఐదేళ్ల దాకా సాగుతూనే ఉంటుంది. వాడినవాళ్లలో పది మందిలో ఒకరు వ్యసనంలో కూరుకుపోతే, పదిహేడు పద్దెనిమిదేళ్ల లోపే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరు. యూరప్, బ్రెజిల్‌లలో 11 చోట్ల చేసిన 2019 నాటి పరిశోధనలో, ఘాటైన గంజాయి రోజూ తాగేవాళ్లకు అసలు తాగనివాళ్లతో పోలిస్తే మతి చలించే జబ్బు వచ్చే ముప్పు ఐదింతలకు దగ్గరగా కనబడింది. అక్కడ ఘాటైనదంటే టీహెచ్‌సీ 10 శాతం, ఆపైన. గంజాయి చాక్లెట్లది మరో తంటా. తాగితే నిమిషాల్లో ఎక్కేది తింటే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని రెండోది తినేస్తారు. తర్వాత రెండూ కలిసి ఎక్కుతాయి.

మీ వాడు తాగుతున్నాడని తెలిస్తే చేయెత్తకండి, పదిమందిలో పెట్టకండి. "ఎంత కాలం నుంచిరా? రోజూనా? మానాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. మానేసిన ఒకటి రెండు రోజుల్లో చిరాకు, నిద్రపట్టకపోవడం, అన్నం సయించకపోవడం మొదలవుతాయి. మొదటి వారం బాగా ఇబ్బంది పెట్టి, రెండు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఈ రోజుల్లోనే పాత స్నేహితుడి ఫోన్ వస్తుంది. ఇంట్లో ఒకరు రాత్రిళ్లు దగ్గర పడుకోవాలి. గొంతులెవరివో వినబడుతున్నాయన్నా, అన్నంలో ఏదో కలుపుతున్నారని అనుమానించినా ఆగవద్దు, ఆ రోజే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకెళ్లండి. మాట్లాడటానికి ముందు ఫోన్ చేయాలనుకుంటే 14446 మత్తు విముక్తి సహాయ నంబరు, 14416 టెలీమానస్. అమ్మేవాళ్ల సమాచారం చెప్పాలంటే ఈగల్ వారి 1972.

కేసు పెడతారని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి జంకే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మత్తుకు బానిసైనవాడి మీద సొంత వాడకం లేదా చిన్న పరిమాణం కేసు ఉన్నా, తనంతట తాను ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్సకు వెళ్లి పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఎ ఇదే ఎన్డీపీఎస్ చట్టంలో ఉంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. అందుకని మొదటి రోజు ఓపీ చీటీ దగ్గర నుంచి ప్రతి కాగితం మీద తేదీ ఉందో లేదో చూసుకుని, ఒక ఫైలులో పెట్టి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉంచండి.